స్ప్లిట్ సెట్ బోల్టులు చేత్తో నెడితేనే లోపటికి పోతున్నయి, ఇది ఓకేనా? (అచ్చంపేట సైడు చిన్న టన్నెల్)

దేవరకొండ_డిప్లొమా:
అన్నలూ నమస్తే. మాది దేవరకొండ దగ్గర, డిప్లొమా సివిల్ చేసిన, ఇప్పుడు అచ్చంపేట సైడు ఒక చిన్న నీళ్ల టన్నెల్ పనిల సూపర్‌వైజర్‌గా ఉన్న. డి షేపు, వెడల్పు 5 మీటర్లు, డ్రిల్లింగ్ బ్లాస్టింగ్ తోని పోతున్నం, టీబీఎం (టన్నెల్ తవ్వే పెద్ద మిషన్) గీబీఎం ఏం లేదు. ఇన్ని దినాలు మంచి గ్రానైటే వచ్చింది, ఇప్పుడు అడ్డంగ నల్ల రాయి డైకు (గ్రానైట్ నడుమ గోడలెక్క చొచ్చుకొచ్చిన రాయి) తగిలింది, ఆ రెండు రాళ్లు కలిసే కాడ చేత్తో గీకితే పొడి పొడి రాలుతున్నది, నీళ్లు కూడ కారుతున్నయి, పైకప్పు పెచ్చులు పెచ్చులు ఊడుతున్నది.

డ్రాయింగ్‌ల కప్పు రాయిని పట్టుకునే బోల్టుకు 25 ఎంఎం రాడ్డు, ఫుల్ గ్రౌట్ (రంధ్రం నిండ సిమెంట్ ముద్ద), 2.5 మీటర్ల పొడుగు, 1.5 మీటర్లకు ఒకటి అని ఉన్నది. కాంట్రాక్టరు మనుషులేమో స్ప్లిట్ సెట్లు తెచ్చిర్రు, అదే పొడుగు చీలిక ఉన్న ట్యూబులు, 39 ఎంఎం. గ్రౌట్ గట్టిపడేదాక ఎవడు ఆగుతడు, ఇది కొట్టంగనే పట్టుకుంటది అంటున్నరు. రంధ్రం కొట్టే బిట్టు 38 ఎంఎంది, కొత్తది. నేను చూస్తుండంగనే కొన్ని ట్యూబులు సగం దాక ఉత్త చేత్తోనే పోయినయి, మిగిలింది మిషన్ ఆనిస్తే సర్రున పోయింది. ప్లేటు పట్టుకొని తిప్పితే గిర్రున తిరుగుతున్నది. ఇదేందన్నా అని అడిగితే నువ్వు కొత్తోనివి నీకేం తెల్వదు అని నవ్విర్రు.

ఇట్ల వదులుగ పోతే అది పట్టుకున్నట్టేనా? డ్రాయింగ్‌ల ఉన్నదానికి బదులు ఇది వేస్తే నడుస్తదా? ఎస్‌ఎల్‌బీసీ టన్నెల్ కూలిన సంగతి జరిగినప్పటికెల్లి ఇంట్ల అమ్మ రోజూ ఫోన్ చేసి లోపటికి పోకు బిడ్డా అంటది, నాక్కూడ జర భయమే ఉన్నది. తెలిసినోళ్లు చెప్పుర్రి.


పాత_ఓవర్‌మ్యాన్:
తమ్ముడూ, నేను సింగరేణిలో కొత్తగూడెం వైపు చేసి రిటైరై ఇప్పుడు మిర్యాలగూడలో ఉంటున్నాను. నీ అనుమానం కరెక్టే, ముందు అది చెప్తా.

స్ప్లిట్ సెట్‌లో సిమెంటు లేదు, రెసిన్ లేదు, చివర విచ్చుకునే వెడ్జ్ కూడా లేదు. రంధ్రం ట్యూబు కంటే కొంచెం చిన్నగా ఉండాలి, బలవంతంగా కొట్టి ఎక్కిస్తే చీలిక దగ్గరికి ముడుచుకుంటుంది, ట్యూబు మళ్లీ విచ్చుకోవాలని రాయిని నెడుతూ ఉంటుంది, ఆ ఒత్తిడి వల్ల పుట్టే రాపిడే మొత్తం పట్టు. 1970ల్లో అమెరికాలో జేమ్స్ స్కాట్ అనే మైనింగ్ ఇంజనీరు తెచ్చిన పద్ధతి ఇది. 39 ట్యూబుకు రంధ్రం 35 నుంచి 38 మధ్య ఉండాలంటారు. మీరు 38 బిట్టు కొత్తది వాడుతున్నారు, పగుళ్ల రాయిలో రాడ్డు ఊగి రంధ్రం 39, 40 కూడా అవుతుంది, ఇంక ముడుచుకునేదేముంది? పార కామ వదులైనట్టే, చూడటానికి ఉంటుంది, పనికి రాదు. ప్లేటు తిరుగుతోందంటే అది రాయిని ఆనుకోలేదని అర్థం, అలాంటి బోల్టును లెక్కలో వేయొద్దు.

సరిగ్గా కొడితే ఈ సైజు ట్యూబు మొదట సుమారు 3 నుంచి 6 టన్నులు పట్టుకుంటుంది. ఉక్కు తెగాలంటే దానికి రెట్టింపు పైనే కావాలి, కాబట్టి ఎప్పుడైనా జారేదే తప్ప తెగేది కాదు. అందుకే రాయి మెల్లగా కదిలే గనుల్లో దీనికి మంచి పేరుంది, జారుతూనే పట్టుకుని ఉంటుంది. మీది నీళ్ల టన్నెల్, ఏళ్ల తరబడి నిలబడాలి. పలుచటి ట్యూబు, లోపలా బయటా తడి, తుప్పు పడుతుంది. గాల్వనైజ్డ్ వస్తుంది గానీ దాన్ని కూడా నేను పర్మనెంట్ సపోర్ట్ అనను.

డ్రాయింగ్‌లో ఒకటి ఉండి ఇంకొకటి వేయాలంటే డిజైన్ చేసినవాళ్ల సంతకం కావాలి. నోటిమాట మీద ఒప్పుకోకు, డైలీ రిపోర్టులో ఏ చైనేజీలో (టన్నెల్ మొదలు నుంచి ఎన్ని మీటర్ల దగ్గర) ఏ బోల్టు వేశారో రాసిపెట్టు.


జాక్‌లెగ్_పాలమూరు:
తమ్మీ నేను డ్రిల్లర్ని, మా తాతల కాలం నుంచి డ్యాములకాడ పన్లే, పాలమూరు లేబర్ అంటే దేశమంత తెలుసు గద. సారు చెప్పింది కరెక్టు, నేను రంధ్రం సంగతి చెప్త ఇను. బిట్టు కొత్తగున్నప్పుడు రంధ్రం పెద్దగొస్తది, అరిగినకొద్ది సన్నమైతది, గిట్ల ఒక్క బిట్టుతోనే పొద్దుగాల వదులు బోల్టులు, పొద్దుమీకి బిగుసుకపోయి వంగిపోయే బోల్టులు రెండూ సూస్తవు, ట్యూబు మంచిదే బిట్టు మంచిదే గని రెండిటికి జోడీ కుదర్లె. 39 ట్యూబుకు 36, 37 బిట్టు తెప్పియ్యుమను. ఇంటిగ్రల్ రాడ్లు (బిట్టు రాడ్డుకే అతికి ఉండేటివి) వాడితే ఇంకో తిరకాసున్నది, పొట్టి రాడ్డుకు 34 ఉంటే దాని తర్వాతది 33, ఆ తర్వాతది 32, అంటే మూతికాడ పెద్ద రంధ్రం లోపల సన్న రంధ్రం, 33 ట్యూబు గిట్ల కొడితే మూతికాడ పట్టు సున్న, అసలు పెచ్చు ఊడేది మూతికాడ్నే గద.

ట్యూబు ఎక్కేటప్పుడు సప్పుడు ఇను. మంచిగ ఎక్కేది డగడగడగ కొట్టుకుంట మెల్లెగ పోతది, మిషన్ కు బరువు తెలుస్తది. సర్రున పోయిందంటే తీసి పక్కన పారెయ్యి, దాని పక్కన ఇంకో రంధ్రం కొట్టియ్యి, అదే రంధ్రంల ఇంకోటి కొట్టకు. ఇంకోటి, బోల్టు కంటే ముందు గడ్డపార. లూజు రాళ్లు దింపకుంట వాటిమీద ప్లేటు పెట్టి బోల్టు కొడితే ఆ లూజుకే బోల్టు కొట్టినట్టు. దింపేటోడు ఎప్పుడైన సపోర్టు అయిన జాగల నిలబడి ముందుకు పొడవాలె, కింద నిలబడి మీదికి పొడవొద్దు.


జియాలజీ_నల్గొండ:
మన సైడు నల్గొండ, మహబూబ్‌నగర్ గ్రానైట్లల్ల ఈ నల్ల డోలరైట్ డైకులు మామూలే, రోడ్డు మీద పోతుంటే గూడ నల్లరాళ్ల గుట్టలు గీత గీసినట్టు వరుసగ కనబడతయి చూడండి. డైకు లోపలి రాయి గట్టిదే ఉంటది, ఖరాబైంది దాని అంచు, అక్కడ రాయి నలిగి ఉంటది, నీళ్లకు అదే దారి. అంటే మీ సమస్య ఆ అంచుకు అటు ఇటు కొన్ని మీటర్లు, మొత్తం టన్నెల్ కాదు, ఆ ముక్కకు మాత్రం వేరే సపోర్టు డిజైన్ చేయించుకోవాలి. నలిగిన రాయిల బోల్టు ఒక్కటే ఏం చేయలేదు, బోల్టుకు బోల్టుకు మధ్యల నుంచే పొడి రాలుతుంటది. వెల్డ్ మెష్ (ఇనుప జాలి) కట్టి షాట్‌క్రీట్ (పైపుతోని చిమ్మే కాంక్రీట్) కొట్టాలి, నీళ్లకు డ్రైనేజ్ రంధ్రాలు కొట్టాలి, లేకపోతే షాట్‌క్రీట్ వెనక నీళ్లు జమై దాన్నే నెడతయి. అవసరమైతే స్టీల్ రిబ్బులు.

లెక్క ఒకసారి చూడు తమ్ముడు. బోల్టులు 1.5 మీటర్లకు ఒకటి అంటే ఒక్కో బోల్టు కింద 2.25 చదరపు మీటర్ల కప్పు. మీటరు మందం రాయి వదులైంది అనుకుంటే, ఘనపు మీటరు గ్రానైట్ 2.7 టన్నులు, మొత్తం 6 టన్నులు. 25 ఎంఎం ఎఫ్ఈ 500 రాడ్డు సాగడం మొదలుకావాలంటేనే దాదాపు 25 టన్నులు కావాలి, గ్రౌట్ సరిగుంటే నాలుగింతలు. అదే లెక్కల స్ప్లిట్ సెట్ పెడితే మంచిగ కొట్టినా సరిపోతదో లేదో అన్నట్టుంటది, పైగా దాని పట్టు రాయిలోపలికి పోయిన పొడుగును బట్టి ఉంటది, మీటరు మందం రాయి లూజు అయితే పైన మిగిలిన మీటరున్నరే పట్టుకునేది. మీ వాళ్లు ట్యూబులే వేస్తమంటే దూరం కూడ తగ్గించాలి, ఆ సంగతి ఎవరన్న చెప్పిర్రా? పొడుగు 2.5 అయితే కరెక్టే ఉన్నది, బార్టన్ క్యూ సిస్టంల (రాయి నాణ్యతకు మార్కులేసి సపోర్టు తేల్చే పద్ధతి) 0.15 ఇంటు వెడల్పును నీళ్ల టన్నెల్‌కు 1.6 తోని భాగించి దానికి 2 కలుపుతరు, 5 మీటర్లకు 2.47 వస్తది.

ఎస్‌ఎల్‌బీసీతోని దీన్ని కలపకండి. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు టన్నెల్‌ల పైకప్పు కూలి ఎనిమిది మంది లోపట చిక్కుకున్నరు, అది టీబీఎం తవ్వకం, అక్కడ సపోర్టు అంటే కాంక్రీట్ సెగ్మెంట్ రింగులు, నీళ్లు మట్టి కలిసి ఒక్కసారి వచ్చినయి. మీది బోల్టుల టన్నెల్, పద్ధతి వేరు. పోలిక ఉన్నదల్లా నీళ్లు దగ్గరనే, కారే నీళ్లు పెరుగుతున్నయా, రంగు మారుతున్నదా, మట్టి వస్తున్నదా అని షిఫ్టుకోసారి రాయించు. నీళ్లల్ల మట్టి రావడం మొదలైతే ఫేస్ (తవ్వుతున్న కొస) నుంచి మనుషుల్ని తీసెయ్.


కల్వకుర్తి_కాంట్రాక్ట్స్:
అందరూ పుస్తకం చదివి చెప్తున్నరు. స్ప్లిట్ సెట్ ప్రపంచమంతా మైన్లల్ల లక్షల్ల వేస్తున్నరు, ఎక్కడ కూలినయి? గ్రౌట్ బోల్టు వేస్తే ఆ గ్రౌట్ గట్టిపడేదాక ఫేస్ బంద్ పెట్టాలె, లేబర్ ఉత్తగ కూసుంటది, దాని పైసలు ఎవరిస్తరు? గ్రౌట్ కూడ మన దగ్గర ఎట్ల చేస్తరో నాకు ఎరికే, నీళ్లు ఎక్కువ పోసి సగం కిందనే కారిపోతది, రాడ్డు లోపల ఉత్తగ ఏలాడుతుంటది, పైన ప్లేటు నట్టు మెరుస్తుంటయి. దానికంటే ట్యూబే నయం.


పాత_ఓవర్‌మ్యాన్:
@కల్వకుర్తి_కాంట్రాక్ట్స్ గ్రౌట్ గురించి మీరన్నది నూటికి నూరు పాళ్లు నిజం, చెడ్డ గ్రౌట్ బోల్టు కంటే మంచి స్ప్లిట్ సెట్ మేలు. కానీ ఇక్కడ వేసింది మంచి స్ప్లిట్ సెట్ కాదు కదా.

టైమే సమస్య అయితే దారులున్నాయి. రెసిన్ క్యాప్సూల్స్ వాడొచ్చు, రంధ్రం చివర ఫాస్ట్ సెట్, మిగతాదంతా స్లో సెట్. రాడ్డు తిప్పుతూ తోస్తే చివరిది కొద్ది సేపట్లోనే గట్టిపడుతుంది, నట్టు బిగిస్తే టెన్షన్ వస్తుంది, తర్వాత స్లో సెట్ ఆ టెన్షన్ మీదే గట్టిపడుతుంది. అయితే దీనికి రంధ్రానికి రాడ్డుకు మధ్య సందు తక్కువ ఉండాలి, 25 రాడ్డుకు 32, 33 రంధ్రం. 38 రంధ్రంలో వేస్తే రెసిన్ కలవదు, కవరు ముక్కలు రాడ్డుకు చుట్టుకుంటాయి. ఎక్కువ తిప్పినా పట్టిన రెసిన్ విరిగిపోతుంది, క్యాప్సూల్ డబ్బా మీద ఎన్ని సెకన్లు అని ఉంటే అన్నే. స్వెల్లెక్స్ రకం ఇంకోటి, ముడిచిన ట్యూబును రంధ్రంలో పెట్టి సుమారు 300 బార్ నీటి ఒత్తిడితో ఉబ్బిస్తారు, రంధ్రం సైజు కొంచెం అటూ ఇటూ అయినా సర్దుకుంటుంది, కాకపోతే పంపు కావాలి, ఖర్చెక్కువ. ఎక్స్‌పాన్షన్ షెల్ బోల్టు (చివర ఆకులు విచ్చుకుని పట్టేది) మాత్రం మీ డైకు అంచులో వద్దు, అది ఒక్కచోటే గట్టిగా నొక్కి పట్టుకునేది, నలిగిన రాయిలో దాని ఆకులు రాయిని పిండి చేసుకుని జారిపోతాయి. బ్లాస్టింగ్ అదురుకు కూడా వదులవుతుంది, మళ్లీ మళ్లీ టార్క్ చూసుకోవాలి.

ఇవేవీ కుదరకపోతే స్ప్లిట్ సెట్‌ను టెంపరరీగా కొట్టుకోండి, సరైన బిట్టుతో, మెష్ కట్టడానికి కూడా అనువుగా ఉంటుంది. రెండు మూడు రౌండ్లు (బ్లాస్టులు) ముందుకు పోయాక వెనకాల డ్రాయింగ్ ప్రకారం గ్రౌట్ బోల్టులు వేసుకుంటూ రండి, ఇంజనీరు ఒప్పుకుంటే. పని ఆగదు, డ్రాయింగూ తప్పదు.

ఎవరి మాట నిజమో తేల్చేది పుల్ టెస్ట్, అంటే బోల్టును జాకీతో లాగి చూడటం. హాలో జాకీ, పంపు, ప్రెషర్ గేజ్, డయల్ గేజ్ అంతే సామాను. ఐఎస్ 11309 అనే భారత ప్రమాణం అందుకోసమే ఉంది. వేసినవాటిలో మీరు ఏరినవి కాదు, ఇంజనీరు ఏరినవి లాగండి.


బావి_రైతు_మునుగోడు:
మధ్యల దూరుతున్న ఏమనుకోకుర్రి. మాది పాత బావి, లోతు చేద్దామనుకుంటున్న, పైన మొరం, కింద బండ, ఒక దిక్కు పెద్ద పలక బీట ఇచ్చి బావిలకు వంగి ఉన్నది. గీ బోల్టులు దానికి పనికొస్తయా?


జియాలజీ_నల్గొండ:
@బావి_రైతు_మునుగోడు మొరంకు బోల్టు పట్టదు అన్నా, అక్కడ వాలు చేసుకోవాలి లేదంటే రాతి కట్టడం, ఒరలు. బండ పలకకు బోల్టు వేయొచ్చు, గ్రౌట్ రాడ్డు, పలక దాటి వెనక గట్టి రాయిల మీటరున్నరన్న పోవాలి. కాని మీరు చెప్పినట్టు ఇప్పటికే వంగి ఉంటే దానికి డ్రిల్ పెట్టడమే ప్రమాదం, బోల్టు ఖర్చు కంటే పైనుంచి తాడుకు కట్టుకున్న మనిషితోని దాన్ని పడగొట్టించడం చవక, బావిల ఎవ్వరు లేనప్పుడు. పగుల్ల నీళ్లు పోయి ఉంటే వానలు పడ్డంక అదే వస్తది, ఆ దిక్కు మోటరు, నిచ్చెన పెట్టకండి. బ్లాస్టింగ్ అంటే లైసెన్సున్న షాట్‌ఫైరర్‌నే పిలవండి.


దేవరకొండ_డిప్లొమా:
అందరికీ మస్తు థాంక్స్. అప్‌డేట్ ఏందంటే, డైలీ రిపోర్టుల రాసేసరికి డిపార్ట్‌మెంట్ ఇంజనీర్ సారు వచ్చిండు, జాకీ తెప్పించి లాగించిండు, ఆ వదులు బోల్టులు టన్ను దాటకముందే బయటికొచ్చినయి, ఒకటైతే గేజి ముల్లు కదలకముందే. పాత గ్రానైట్ ముక్కల కొట్టినయి నాలుగు టన్నుల దాక నిలబడ్డయి. ఇప్పుడు 36 బిట్టు వచ్చింది, డైకు ముక్కకు మెష్, షాట్‌క్రీట్ అని కొత్త స్కెచ్ ఇచ్చిర్రు, వెనకాల గ్రౌట్ బోల్టులు మొదలుపెట్టినం. కాంట్రాక్టర్ మనిషి నాతోని మాట్లాడుతలేడు, ఏం చేస్తం.

ఒకటే డౌటు, కప్పుకు మీదికి కొట్టిన రంధ్రాలల్ల గ్రౌట్ నింపితే సగం కిందికి కారుతున్నది, రాడ్డు కూడ జారుతున్నది.


జాక్‌లెగ్_పాలమూరు:
50 కిలోల సిమెంట్ మూటకు 17, 18 లీటర్లు, మహా అయితే 20, అంతకు మించి నీళ్లు పొయ్యనియ్యకు. పిడికిట్ల పట్టి పిసికితే ముద్ద నిలబడాలె, వేళ్ల సందులకెల్లి కారితే నీళ్లెక్కువైనట్టు. పైపు రంధ్రం కొసదాక తోసి అక్కడ్నుంచి పంపు కొట్టుకుంట మెల్లెగ కిందికి తియ్యాలె, గ్రౌటే పైపును తోసుకుంట రావాలె, నువ్వు గుంజితే నడుమ గాలి ఉండిపోతది. తర్వాత రాడ్డు తిప్పుకుంట ఎక్కియ్యి, మూతికాడ రెండు కట్టె చీలలు కొట్టు, గుడ్డపేలిక కుక్కు, జారదు. నట్టు ఆనాడే బిగియ్యకు, మర్నాడు బిగియ్యి. నీళ్లు బాగ కారే రంధ్రం ఉంటే దాంట్ల గ్రౌట్ కొట్టకు, కడుక్కపోతది, దాన్ని నీళ్లు పోయేతందుకే ఇడిచిపెట్టి పక్కకు జరిగి ఇంకోటి కొట్టు.