మొగలి పిలక మగదో ఆడదో పూయకముందే తెలుసుకోవచ్చా?

మాది శ్రీకాకుళం జిల్లా, సోంపేట దగ్గర సముద్రం వైపు ఊరు. అక్కడ ఇసుక నేలల్లో, వాగు గట్ల మీద మొగలి డొంకలు వాటంతటవే పెరుగుతాయి. తోటలకు కంచె కూడా అవే. పక్కనే ఒడిశాలోని గంజాం జిల్లాలో ఈ పూలతోనే అత్తరు తీస్తారు.

మూడేళ్ల క్రితం ఎండాకాలంలో వెళ్లినప్పుడు ఒక పిలక తెచ్చి హైదరాబాద్‌లో మా పెరట్లో నాటాను. అప్పుడు డొంకలో పూలూ లేవు, కాయలూ లేవు. మొగలిలో మగ చెట్టు, ఆడ చెట్టు వేరు కదా. వాసన మగ పొత్తిదే, ఆడదానికి అనాసపండులాంటి కాయ వస్తుంది. ఆ సంగతి తెచ్చాక తెలిసింది, నా ఖర్మ!

ఇప్పుడది నడుమెత్తు పెరిగింది, ఊడలు కూడా దిగుతున్నాయి. ముళ్లకు మాత్రం లోటు లేదు, చేతులన్నీ గీరుకుపోయాయి. పువ్వు జాడే లేదు. ఆకును బట్టో ఊడను బట్టో మగదో ఆడదో చెప్పగలరా? మాది ఎర్రమట్టి. చెట్టు మొదలు దగ్గర ఇసుక కలపాలా, వానాకాలంలో నీళ్లు నిలవనివ్వాలా? పెంచినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి. అమ్మకు జడలో మొగలి రేకు పెట్టుకోవాలని ఒకటే ఆశ.