పాత లేబుల్ మీద డనైస్, కొత్త పుస్తకంలో తిరుమల: కేటలాగ్‌లో ఏ పేరు రాయాలి?

పురుగులపెట్టె:
కాలేజీ జంతుశాస్త్ర విభాగంలోని పాత సీతాకోకచిలుకలకు కేటలాగ్ రాస్తున్నాం. నీలి చారలవాటికి కొన్ని లేబుళ్ల మీద ‘డనైస్ లిమ్నియాసె’, కొన్నిటి మీద ‘డనాస్ లిమ్నియాసె’, ఒకదాని మీద ‘డనాస్ మెలిస్సా’ అని ఉంది. ఇప్పటి జాబితాల్లో ‘తిరుమల లిమ్నియాసె’ అంటున్నారు. ఇంకో నారింజ రంగుదానికి నల్లమల అని రాసి ‘డనైస్ ప్లెక్సిప్పస్’ అని పెట్టారు. ప్లెక్సిప్పస్ అంటే అమెరికా మోనార్క్ కదా? తిరుమల అంటే మన కొండేనా?

రెక్కలపొడి:
మొదటి రెండూ ఒకే జాతి, మారింది ప్రజాతి (genus, జంట పేరులో మొదటి మాట) పేరే. 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ పగటి సీతాకోకచిలుకలన్నిటినీ పాపిలియో అనే ఒక్క ప్రజాతిలో వేసి, లోపల గుంపులు చేశాడు. వాటిలో ఒక గుంపు ‘డనై’. డనాస్ గ్రీకు పురాణంలో రాజు. అతని కూతుళ్ల పేర్లు తెల్లవాటికి పెట్టాడు. మన దగ్గర ఎగిరే గ్లాసిప్పె, పైరాంతె ఆ కూతుళ్లే.

డనాస్‌ను ప్రజాతిగా నిలబెట్టినవాడు పోలండ్ మతగురువు క్లుక్, 1780లో. పోలిష్ పుస్తకం కావడంతో అది చాలాకాలం ఎవరి కంటా పడలేదు. అందుకే 19వ శతాబ్దమంతా ఫ్రెంచ్ కీటకశాస్త్రవేత్త లాత్రేయ్ పెట్టిన ‘డనైస్’ చెల్లింది. క్లుక్ పేరు పక్కన 1802 అని కనిపిస్తే కంగారు పడకండి, పాత రచయితలు ఆ తేదీ వాడారు. సరైనది 1780.

నీలి చారలవాటిని విడదీసి 1880లో తిరుమల అన్నవాడు ఇంగ్లిష్ కీటకశాస్త్రవేత్త ఫ్రెడరిక్ మూర్, సింహళ సీతాకోకచిలుకల గ్రంథంలో. ప్రజాతులు చీల్చడంలో ఆయనకు చెయ్యి ఆగేది కాదు. యూప్లోయియా అనే ప్రజాతిని ముక్కలు చేసి ఒకదానికి నర్మద అని పెడితే అది నిలవలేదు, తిరిగి యూప్లోయియాలోనే కలిసిపోయింది. ఆయనే పెట్టిన సలటురా డనాస్‌లో కలిసింది. ఆయన పెట్టిన వాటిలో తిరుమల, పరాంటికా మాత్రం బతికాయి. 20వ శతాబ్దం నడుమ వచ్చిన పుస్తకాలు తిరుమలను మళ్లీ డనాస్‌లో కలిపాయి. మీ రెండో రకం లేబుళ్లు ఆ కాలానివి. 1984లో ఆకరీ, వేన్-రైట్‌ల పరిశీలన తర్వాత వేరు ప్రజాతిగా స్థిరపడింది.

రంగు చూసి తిరుమలకు పరాంటికా దగ్గరి చుట్టం అనుకుంటారు, కాదు. మగదాని వెనక రెక్క తిప్పి చూడండి. తిరుమలలో, డనాస్‌లో వాసన పొలుసుల సంచి ఉంటుంది. పరాంటికాలో సంచి ఉండదు, నల్లటి మచ్చే.

కొండ సంగతి: ప్రజాతి పేరు ఎక్కడిదో చెప్పాలన్న షరతు జంతువుల నామకరణ నియమావళిలో లేదు, అక్షరాల కూర్పు ఏదైనా చెల్లుతుంది. కాబట్టి పోలికను బట్టి ‘కొండ పేరు’ అని కేటలాగ్‌లో రాయకండి.

అడుగుచార:
ప్లెక్సిప్పస్ చిక్కు లిన్నేయస్ దగ్గరే మొదలైంది. ఊరు ఉత్తర అమెరికా అన్నాడు, వర్ణనలో మాత్రం ముందు రెక్కకు క్రిసిప్పస్‌లా (అదే ప్రజాతిలో ఇంకో జాతి) తెల్ల పట్టీ ఉందన్నాడు. ఆ పట్టీ మోనార్క్‌కు లేదు, మన దగ్గరి నారింజ రంగు చారలపులికి ఉంది. దాంతో మన దేశపు పాత పుస్తకాలు చారలపులినే ప్లెక్సిప్పస్ అన్నాయి. 1954లో అంతర్జాతీయ నామకరణ సంఘం 282వ తీర్పులో ఆ పేరు అమెరికా జాతిదేనని తేల్చింది. మన జాతికి క్రేమర్ 1779లో పెట్టిన జెనూషియా మిగిలింది. మీ నల్లమల నమూనాకు ముందు రెక్క కొసన ఏటవాలు తెల్ల పట్టీ ఉంటే డనాస్ జెనూషియా అని రాసేయండి.

‘మెలిస్సా’ దాదాపుగా ముదురు నీలిపులి, తిరుమల సెప్టెంట్రియోనిస్. అయినా లేబుల్‌ని నమ్మకుండా నమూనా చూడండి: చారలు సన్నగా, రెక్క అసలు రంగు ముదురుగా ఉంటుంది. లిమ్నియాసెలో చారలు వెడల్పు, పాలిపోయినట్టుంటాయి. సెప్టెంట్రియోనిస్ దక్షిణ భారత ఉపజాతి పేరు ద్రవిడారమ్.

పురుగులపెట్టె:
పాత లేబుల్ తీసేసి కొత్తది గుచ్చవచ్చా?

లాటిన్‌మొగ్గ:
అస్సలు వద్దు. పాత లేబుల్ తీస్తే ఎవరు ఏ పుస్తకం చూసి పేరు పెట్టారో చెప్పే ఆధారం పోతుంది. అదే పిన్నుకు దాని కింద చిన్న కొత్త చీటీ: రోమన్ లిపిలో పేరు, రచయిత, సంవత్సరం, ‘గుర్తించినవారు’, గుర్తించిన ఏడాది. కేటలాగ్‌లో ‘లేబుల్ మీది పేరు’ అని వేరే గడి పెట్టి అక్షరం మార్చకుండా ఎక్కించండి. లేకపోతే డనైస్ అని వెతికినవాళ్లకి ఏదీ దొరకదు. డనైడే కుటుంబం అని ఉంటే కొత్త గడిలో నింఫాలిడే కుటుంబం, డనైనే ఉపకుటుంబం.

ఎక్కువమంది తప్పేది బ్రాకెట్ల దగ్గర. మొదట పేరు పెట్టినప్పటి ప్రజాతి తర్వాత మారితే, రచయిత పేరు, సంవత్సరం బ్రాకెట్లలో రాయాలి. క్రేమర్ లిమ్నియాసెను పాపిలియో అని వర్ణించాడు, ప్రజాతి తర్వాత మారింది. అందుకే తిరుమల లిమ్నియాసె (క్రేమర్, 1775). మూర్ పేరు జాతి పక్కన రాయకూడదు, ఆయనది ప్రజాతి మాత్రమే. సెప్టెంట్రియోనిస్‌ను బట్లర్ 1874లో డనైస్ అన్నాడు కాబట్టి అక్కడా బ్రాకెట్లే.

లిమ్నియాసె ఉపజాతి రాస్తే ఇంకో తగువు: ఎక్సోటికస్ అనాలా, ఎక్సోటికా అనాలా? అది విశేషణం, ప్రజాతి పేరు లింగానికి తగ్గట్టు మారాలి. నియమావళి 30వ అధికరణం ప్రకారం లింగం చెప్పని ప్రజాతి పేరు ‘అ’కారాంతమైతే స్త్రీలింగం, అంటే ఎక్సోటికా. సీతాకోకచిలుకల వాళ్లు చాలామంది లింగం సర్దకుండా మొదటి వర్ణనలోని ఎక్సోటికస్‌నే ఉంచుతారు. నా ఓటు ఎక్సోటికాకే. కేటలాగ్ మొత్తం మీద ఏదో ఒకటే వాడండి, రెండూ కలిపితే వెతుకులాటలో ఒకే ఉపజాతి రెండుగా లెక్కకొస్తుంది.