బియెర్తాన్ లూథరన్ చర్చిలో మరియమ్మ చిత్రాలు ఎలా మిగిలాయి?

ప్రశ్న: రుమేనియాలోని ట్రాన్సిల్వేనియాలో బియెర్తాన్ అనే గ్రామపు చర్చిని ఇటీవల చూశాను. గుట్ట మీద మూడు వరుసల ప్రాకారాల నడుమ ఉన్న ఆ చర్చి లూథరన్‌లదే అయినా, బలిపీఠం వెనుక మరియమ్మ జీవితాన్నీ యేసు జీవితాన్నీ చూపే చిత్రాలతో 28 ఫలకాలున్నాయి. గుంటూరు లూథరన్ కుటుంబంలో పుట్టిన నాకు సిలువ, బైబిలు మాత్రమే ఉన్న బల్లను చూడడమే అలవాటు. వారు ఆ చిత్రాలను ఎందుకు తీసివేయలేదో తెలిసినవారు వివరించగలరా?

సమాధానం 1: ప్రొటెస్టంట్లందరిదీ ఒకే పద్ధతి కాదండీ. స్విట్జర్లాండ్‌లోని జూరిక్‌లో జ్వింగ్లీ అనే మతసంస్కర్త అనుయాయులు 1524లో చర్చిల నుంచి చిత్రాలను తొలగించారు. లూథరన్ మార్గానికి మూలపురుషుడైన లూథర్ మాత్రం 1522లోనే జర్మనీలోని విటెన్‌బర్గ్‌కు తిరిగివచ్చి, బొమ్మలను బలవంతంగా పగలగొట్టడాన్ని ఖండిస్తూ ప్రసంగించాడు. బొమ్మను పూజించడం తప్పు గాని బొమ్మ ఉండడం తప్పు కాదన్నది ఆయన వాదన. 12వ శతాబ్దం నుంచి ట్రాన్సిల్వేనియాలో స్థిరపడిన జర్మన్ వలసదారులైన సాక్సన్‌లు, 16వ శతాబ్ది మధ్యలో తమలోని మతసంస్కర్త హోంటెరుస్ బోధతో లూథర్ మార్గాన్నే అనుసరించారు. అప్పటికి బియెర్తాన్ చర్చి కట్టి పూర్తయి కొన్ని దశాబ్దాలే అయింది. పైగా 1572 నుంచి 1867 వరకు అది వారి బిషప్పుల పీఠం కూడా.

సమాధానం 2: చిత్రాల సంగతి సరే, వెస్ట్రీ (చర్చి సామగ్రిని ఉంచే గది) తలుపును చూడకుండా వచ్చారేమో! 1515 నాటి ఆ తలుపుకు ఒక్క తాళంచెవి తిప్పితే చుట్టూ పదికి పైగా గడియలు ఒకేసారి కదులుతాయి. దాడులకు భయపడి, చర్చి విలువైన సామగ్రినంతా ఆ తలుపు వెనుకే దాచేవారు. 1900లో పారిస్ ప్రపంచ ప్రదర్శనలో దాన్ని చూపించారంటే ఆ పనితనం ఎంతటిదో ఊహించవచ్చు. నా దృష్టిలో బలిపీఠం కన్నా అదే గొప్పది.

సమాధానం 3: ప్రాకారంలో ఒక చిన్న గది కూడా ఉంది. విడాకులు కోరిన దంపతులను ఒకే మంచం, ఒకే కుర్చీ, ఒకే పళ్లెం, ఒకే చెంచా ఇచ్చి అందులో ఉంచేవారట. మూడు వందల ఏళ్లలో ఒక్క జంటే విడిపోయిందన్న మాటను మాత్రం గైడ్లు చెప్పే కథగానే తీసుకోవాలి. 1993లో ఆ ఊరు, చర్చి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన నాటికే ఊరి సాక్సన్‌లలో చాలామంది జర్మనీకి తరలిపోయారు. ఇప్పుడు ఆ చర్చి బెంచీల మీద కూర్చునేవారిలో ఎక్కువమంది పర్యాటకులే.