ఈఎక్స్‌ఆర్ రెండర్లను పీఎన్‌జీకి మారిస్తే చీకటిగా వస్తున్నాయి

వెలుగునీడ:
త్రీడీ సాఫ్ట్‌వేర్ బ్లెండర్‌లో చేసిన ఒక యానిమేషన్ ఫ్రేములన్నీ ఈఎక్స్‌ఆర్‌లో (వెలుగు వివరాలను విస్తారంగా దాచే బొమ్మ ఫైలు రకం) రెండర్ చేశాను. చూసేవారికి మామూలు బొమ్మ ఫైళ్లయిన పీఎన్‌జీలు కావాలి. ఫోల్డర్ మొత్తాన్ని ఒకేసారి మారిస్తే బొమ్మలన్నీ చీకటిగా, నీడలు పూడుకుపోయి వస్తున్నాయి. బ్లెండర్ తెరమీద మాత్రం చక్కగా ఉన్నాయి. పీఎన్‌జీలలో వెలుగు పెంచితే సరిపోతుందా?

పిక్సెల్‌కాపరి:
పెంచకండి, మూలం వేరే చోట ఉంది. ఈఎక్స్‌ఆర్‌లో ఉండేవి లీనియర్ విలువలు. కాంతి రెట్టింపైతే అంకె కూడా రెట్టింపవుతుంది. పీఎన్‌జీలోని అంకెలను తెర ఎస్‌ఆర్‌జీబీగా (తెరల కోసం వాడే రంగుల లెక్క) అర్థం చేసుకుంటుంది. 0.18 విలువ ఉన్న మధ్యస్థ బూడిద రంగు 8 బిట్ల పీఎన్‌జీలో (0 నుంచి 255 వరకు అంకెలు) 118 కావాలి. మీ పనిముట్టు ఆ లెక్క వేయకుండా నేరుగా రాస్తే 46 అవుతుంది, అందుకే చీకటి. బొమ్మ ఫైళ్లను మార్చే ఓఐఐఓటూల్‌లో కలర్‌కన్వర్ట్ ఆప్షన్‌కు లీనియర్ నుంచి ఎస్‌ఆర్‌జీబీకి అని చెప్పండి. వీడియో పనిముట్టు ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అయితే అప్లై టీఆర్‌సీ ఆప్షన్ ఇవ్వాలి, అది కూడా చదవాల్సిన ఫైలు పేరుకు ముందే.

రంగులగది:
లెక్క సరైనదే, కానీ బ్లెండర్ అన్నారు కాబట్టి అది ఒక్కటే చాలదు. బ్లెండర్ 4.0 నుంచి కొత్త ఫైళ్లకు ఏజీఎక్స్ డిఫాల్ట్ వ్యూ (తెరమీద చూపేందుకు వెలుగులను మలిచే పద్ధతి), అంతకుముందు ఫిల్మిక్. తెరమీద మీరు మెచ్చుకున్నది ఆ వ్యూ మలిచిన బొమ్మను. ఈఎక్స్‌ఆర్‌లోకి అది చేరదు. ఉత్త ఎస్‌ఆర్‌జీబీకి మారిస్తే 1 దాటిన వెలుగులన్నీ కోసేసినట్టు తెల్లగా అయిపోతాయి. దీపాలు, కిటికీలు ఉన్న సీన్లలో ఇది ఘోరంగా కనిపిస్తుంది. ఫ్రేములను బ్లెండర్ కంపోజిటర్‌లోకే (రెండర్ అయిన బొమ్మలను కలిపి సవరించే భాగం) తెచ్చి, అదే వ్యూతో పీఎన్‌జీగా సేవ్ చేయడం నాకు నమ్మకమైన దారి. బ్లెండర్‌తో వచ్చే ఓసీఐఓ కాన్ఫిగ్‌ను (రంగుల మార్పు సూత్రాలున్న ఫైలు) ఓఐఐఓటూల్‌కు చూపించినా అదే ఫలితం రాబట్టవచ్చు.

నిశిరాత్రి:
పారదర్శకత ఉంటే ఇంకో చిక్కు. ఈఎక్స్‌ఆర్‌లో రంగు ముందే ఆల్ఫాతో (పిక్సెల్ వెనుకనున్నదాన్ని ఎంత కప్పుతుందో చెప్పే విలువ) గుణించి ఉంటుంది, పీఎన్‌జీలో గుణించని రంగు ఉండాలి. ఆల్ఫాతో భాగించి, ఆ తరువాతే రంగు మార్చాలి. భాగించకపోతే జుట్టు అంచుల్లో నల్లని గీత వస్తుంది. మంటలు, మెరుపులు అయితే మరీ కష్టం: వాటికి ఆల్ఫా సున్నా ఉండి కూడా రంగు ఉండవచ్చు, పీఎన్‌జీ దాన్ని దాచుకోలేదు. అలాంటి పొరలను నేను ఈఎక్స్‌ఆర్‌గానే పంపుతాను.

వెలుగునీడ:
కంపోజిటర్ దారిలో వెళ్తే ఇప్పుడు తెరమీద చూసినట్టే వస్తున్నాయి, ధన్యవాదాలు. సాయంత్రపు ఆకాశంలో మాత్రం చారలు కనిపిస్తున్నాయి. పనైపోయాక ఈఎక్స్‌ఆర్‌లను డీడబ్ల్యూఏఏ కంప్రెషన్‌కు మార్చి స్థలం మిగుల్చుకోవచ్చా?

పిక్సెల్‌కాపరి:
చారలకు 16 బిట్ల పీఎన్‌జీ రాయండి. 8 బిట్లే కావాలంటే కొద్దిగా డిథర్ (చారలను చెదరగొట్టే సన్నని నాయిస్) వేయండి.

రంగులగది:
డీడబ్ల్యూఏఏ కొంత సమాచారాన్ని వదిలేస్తుంది. కంటికి చూపే పొరలకు చాలా బాగుంటుంది, నేను నిశ్చింతగా వాడతాను. క్రిప్టోమ్యాట్ పొరలను (వస్తువులను విడివిడిగా ఎంచుకోవడానికి వాడేవి) దయచేసి దాని దగ్గరికి పోనివ్వకండి. అందులోని అంకెలు రంగులు కావు, వస్తువుల గుర్తింపు సంఖ్యలు. ఒక్క బిట్ మారినా మ్యాట్ (వస్తువు ఎంపిక) విరిగిపోతుంది. వాటిని వేరే ఫైలులో 32 బిట్లతో, జిప్ కంప్రెషన్‌తో ఉంచండి.