ప్రార్థనలో ఏమీ అనిపించట్లేదు, అయినా కొనసాగిస్తే అది వేషధారణ అవుతుందా?

దారిలో_ఉన్నా:
అందరికీ వందనాలు. ఇది చాలా రోజుల్నుంచి అడగాలనుకుంటున్నా. బాప్తిస్మం తీసుకున్న కొత్తలో వాక్యం తెరిస్తే చాలు కళ్ళమ్మట నీళ్ళొచ్చేసేవి, ఎవరూ లేపక్కర్లేకుండా తెల్లారకముందే లేచి ప్రార్థన చేసుకునేదాన్ని. ఇప్పుడు మోకాళ్ళేస్తే మాటలే రావట్లేదు, చదివింది చదివినట్టే పోతోంది. మా తమ్ముడి రక్షణ కోసం ఏళ్ళ తరబడి ప్రార్థిస్తున్నా, వాడు దేవుడి దగ్గరికి రావడం అటుంచి ఇంకా దూరమైపోయాడు, ఆ టాపిక్ ఎత్తితేనే ఫోన్ పెట్టేస్తాడు. సంఘంలో ఒకావిడ నీ విశ్వాసం చాలట్లేదమ్మా, గట్టిగా నమ్మితే ఈపాటికి జరిగేది అన్నారు, ఆ మాట ఇంకా గుచ్చుతూనే ఉంది. ఏమీ అనిపించకుండానే రోజూ బైబిల్ చదవడం, ప్రార్థించడం వేషధారణేనా? ఓర్పు అంటే నోరు మూసుకుని భరించడమేనా? దయచేసి సూటిగా చెప్పండి.

కీర్తనలంటే_ఇష్టం:
సిస్టర్, కాదు. మత్తయి 6లో ప్రభువు వేషధారులు అన్నది మనుషులకి కనబడాలని వీధుల మూలల్లో నిలబడి ప్రార్థించేవాళ్ళని. మీరు ఎవరూ చూడని చోట, మీకే ఏమీ అనిపించకపోయినా మోకాళ్ళేస్తున్నారు. ఇది దానికి పూర్తిగా రివర్స్. నన్నడిగితే కన్నీళ్ళొచ్చిన రోజుల ప్రార్థన కంటే ఈ రోజుల ప్రార్థనే నమ్మకత్వానికి ఎక్కువ గుర్తు, ఎందుకంటే ఇప్పుడు మీరు వస్తోంది అనుభూతి కోసం కాదు, ఆయన కోసమే.

ఇక నోరు మూసుకోవడం గురించి. 13వ కీర్తన తీయండి, మొదటి రెండు వచనాల్లోనే దావీదు ఎంతకాలం ఎంతకాలం అని మళ్ళీ మళ్ళీ అడుగుతాడు, నన్ను మర్చిపోయావా అని కూడా అడిగేస్తాడు. ఆ కీర్తన చివరికి పాటతో ముగుస్తుంది సరే, కానీ 88వ కీర్తన చూడండి, అది చీకటి దగ్గరే ఆగిపోతుంది, ఓదార్పు మాట లేకుండానే. అలాంటి ప్రార్థన కూడా బైబిల్లో ఉందంటే మాటలు రాని రోజున మనం వాటినే అరువు తెచ్చుకోవచ్చు. నేనైతే అలాంటి రోజుల్లో ఒకే కీర్తన మెల్లగా పైకి చదివి ఆమేన్ అనేస్తా, అంతే, అంతకుమించి లాగను.

మొదటి_ప్రేమ:
ప్రైజ్ ది లార్డ్. పై బ్రదర్ చెప్పింది బాగుంది కానీ ఇంకో వైపు కూడా చూడాలి కదా. ప్రకటన 2లో ఎఫెసు సంఘానికి ప్రభువు ఏం చెప్పాడు, వాళ్ళు సహనం ఉన్నవాళ్ళే, కష్టపడ్డవాళ్ళే, అయినా మొదటి ప్రేమ వదిలేశావు, ఎక్కడ నుంచి పడ్డావో జ్ఞాపకం చేసుకుని మారుమనస్సు పొంది మొదటి క్రియలు చెయ్యి అన్నాడు. ఎవరినైనా క్షమించలేకపోతున్నామా, దాచిన పాపం ఏమన్నా ఉందా అని ఒకసారి పరీక్షించుకోవడం మంచిదే. తప్పు పడుతున్నానని అనుకోవద్దు సిస్టర్.

ఊజు_దేశం:
పరీక్షించుకోమనడం కరెక్టే, కాదనను. కానీ పరీక్షించుకున్నాక ఏమీ కనబడకపోతే అక్కడ ఆపేయాలి, లేని పాపం కోసం తవ్వుకుంటూ కూర్చోకూడదు. అన్నీ పోగొట్టుకుని బాధపడుతున్న యోబుతో అతని స్నేహితులు చేసింది అదే, నీకు ఇలా జరుగుతోందంటే ఏదో చేసుంటావు అని రౌండ్ల మీద రౌండ్లు వాదించారు. చివర్లో 42వ అధ్యాయంలో దేవుడు కోప్పడింది వాళ్ళ మీదే, నా సేవకుడు యోబులా మీరు యుక్తమైనది పలకలేదు అన్నాడు. అన్నన్ని ప్రశ్నలు వేసి, పుట్టిన రోజునే శపించుకున్న ఆ మనిషినే యాకోబు తన పత్రిక 5వ అధ్యాయంలో సహనానికి ఉదాహరణగా చూపించాడు. అంటే సహనం అంటే అడగకపోవడం కాదు, అడుగుతూ కూడా ఆయన్ని వదిలి వెళ్ళకపోవడం.

తమ్ముడి విషయానికి వస్తే, తర్వాత గొప్ప సంఘ బోధకుడైన అగస్టీన్, ఆయన తల్లి మోనిక సంగతి చెప్తా. కొడుకు తప్పుడు బోధల్లో, ఇష్టమొచ్చిన జీవితంలో పడి తిరుగుతుంటే ఆమె ఏళ్ళ తరబడి ఏడ్చి ప్రార్థించింది. ఒక రాత్రి కొడుకు ఆమెకి అబద్ధం చెప్పి ఓడెక్కి రోమాకి వెళ్ళిపోయాడు, ఆ రాత్రంతా ఆమె వాడిని వెళ్ళనివ్వొద్దు ప్రభువా అనే ప్రార్థిస్తోంది! ఆ ప్రార్థన జరగలేదు. కానీ రోమా నుంచి మిలాన్ వెళ్ళాడు, అక్కడి బిషప్ అంబ్రోస్ బోధ విన్నాడు, క్రీ.శ. 387లో ఆయన చేతనే బాప్తిస్మం తీసుకున్నాడు. ఇదంతా అగస్టీనే తర్వాత రాసుకున్నాడు, అమ్మ ఆ రాత్రి అడిగింది ఇవ్వకుండా ఎప్పుడూ అడుగుతున్నదే దేవుడు ఇచ్చాడు అని. ప్రతి తమ్ముడి కథా ఇలాగే తిరుగుతుందని నేను మాటివ్వలేను సిస్టర్, తమ్ముడి మనసు మీ చేతిలో లేదు. కానీ మీకు కనబడే దాన్నిబట్టి లోపల ఏమీ జరగట్లేదని తేల్చేయొద్దు, మీ సంఘంలో ఆవిడ అన్న మాటనిబట్టి అసలే తేల్చేయొద్దు.

దారిలో_ఉన్నా:
చదువుతుంటే ఏడుపొచ్చింది, చాలా థాంక్స్ అందరికీ. క్షమించలేకపోతున్నది ఆవిడనే అనుకుంటా, దాని గురించి ప్రార్థిస్తా. ఇంకొక్కటి, అలసట కూడా బాగా ఉంది, నిద్ర సరిగ్గా ఉండట్లేదు, దీన్ని కూడా ఆత్మీయ బలహీనత అనుకోవాలా?

కీర్తనలంటే_ఇష్టం:
1 రాజులు 19 ఒకసారి చదవండి. కర్మెలు కొండ మీద అగ్ని దిగిరావడం చూసిన ఏలీయా ప్రవక్త, యెజెబెలు రాణి బెదిరించేసరికి పారిపోయి బదరీ చెట్టు కింద కూర్చుని నా ప్రాణం తీసుకో అన్నాడు. దేవదూత వచ్చి మందలించలేదు, లేపి తినమన్నాడు, మళ్ళీ పడుకుంటే మళ్ళీ లేపి ప్రయాణం నీ శక్తికి మించింది, తిను అన్నాడు. ఆ తర్వాతే దేవుని పర్వతమైన హోరేబుకి నడిచాడు. అందుకని ముందు నిద్ర సంగతి చూసుకోండి, ఇలాగే వారాల తరబడి ఉంటే డాక్టర్‌ని కలవండి, అది విశ్వాసం తక్కువై చేసే పని కాదు. ఇంకా మీ సంఘంలో తీర్పు తీర్చకుండా వినే ఒక్కరినైనా వెతుక్కుని, వారానికోసారి కలిసి తమ్ముడి కోసం ప్రార్థించండి, ఈ భారం ఇంతకాలం మీరొక్కరే మోసినట్టున్నారు. తమ్ముడితో మాత్రం కొన్నాళ్ళు ఆ టాపిక్ పక్కన పెట్టి మామూలుగా మాట్లాడండి, ఎలా ఉన్నావు, ఏం చేస్తున్నావు అని. మేమూ ఇక్కడ ప్రార్థనలో పెట్టుకుంటాం, ఏదైనా ఉంటే ఇదే థ్రెడ్‌లో రాయండి.