కౌంటీ కౌన్సిల్ ఓటు: మనవాళ్ళకి 1 వేసి ఆపేయాలా, చివరిదాకా నంబర్లు వేయాలా?

గోదారోడు_డబ్లిన్
2029లో మళ్ళీ కౌన్సిల్ ఎన్నికలు. ఇప్పటి నుంచే ఈ గోల ఎందుకంటే, 2024 జూన్ 7న జరిగింది అప్పుడే మర్చిపోయారు గనక. ఆ రోజు ఐర్లండ్‌లో 31 కౌన్సిళ్ళకి, మొత్తం 949 సీట్లకి పోలింగ్ జరిగింది. మా ఏరియాలో 5 సీట్లు. ఇక్కడ బ్యాలెట్ మీద మనకి నచ్చిన వరసలో 1, 2, 3 అని నంబర్లు వేయాలి; రౌండ్లుగా (కౌంట్లు) లెక్కిస్తూ, తక్కువ ఓట్లున్నవాడిని తీసేసి అతని ఓట్లు తర్వాతి నంబర్‌వాళ్ళకి ఇస్తారు. మన తెలుగాయన ఒకాయన ఇండిపెండెంట్‌గా నిలబడి, ఏడో కౌంట్ దాకా లాక్కొచ్చి, పైవాడి కంటే 38 ఓట్లు తక్కువై ఎలిమినేట్ అయ్యాడు. పేరు చెప్పను, తెలిసినవాళ్ళకి తెలుసు.

నేను చెప్పేది ఒక్కటే. ఈసారి మనవాళ్ళు ఎవరు నిలబడినా 1 వేసి పెన్సిల్ వదిలేయండి. 2, 3, 4 అంటూ ముగ్గు పెట్టినట్టు నింపకండి. ఆ 2లే మనల్ని ముంచాయి.

లెక్కల మాస్టారు
గోదారోడు గారూ, ఈ అపోహ ప్రతి ఎన్నికకీ వస్తుంది. మీరు వేసిన 2 మీ 1కి ఎప్పటికీ నష్టం చేయదు. మీ కాగితం ముందు మీ 1 కట్టలోకి వెళ్తుంది. ఆయన గెలిచి మిగులు ఓట్లు పంచాల్సి వచ్చినప్పుడు, లేదా ఓడి బయటికి పోయినప్పుడు మాత్రమే 2 ఎవరికి ఉందో చూస్తారు. అంతవరకూ ఆ 2 ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

కోటా, అంటే గెలవడానికి కావాల్సిన ఓట్ల సంగతి కూడా చెప్తాను, చాలామందికి తెలియదు. చెల్లిన ఓట్లు 12,000, సీట్లు 5 అనుకోండి. సీట్లకి ఒకటి కలిపి 6తో భాగిస్తే 2,000. దానికి ఇంకొకటి కలిపితే 2,001. అన్ని ఓట్లు వచ్చినవాడు గెలిచినట్టే. అదే 7 సీట్ల ఏరియా అయితే 1,501 చాలు. అంటే ఊళ్ళో ఎనిమిదో వంతు మంది గట్టిగా అనుకుంటే తమ మనిషిని పంపుకోవచ్చు. అసలు ఈ పద్ధతిని ఇక్కడ పెట్టిందే చిన్న వర్గాలకి నోరు ఉండాలని. మొదట 1919 జనవరిలో స్లైగో పట్టణంలో ప్రయోగించారు, 1920లో దేశమంతటా కౌన్సిళ్ళకి పెట్టారు. ఉత్తర ఐర్లండ్‌లో యూనియనిస్టులు (బ్రిటన్‌తోనే ఉండాలనే మెజారిటీ వర్గం) అధికారం చేతికి రాగానే 1922లో కౌన్సిళ్ళకి దీన్ని తీసేశారు. ఎందుకు తీసేశారో ఊహించుకోండి. మళ్ళీ పెట్టడానికి 1973 దాకా పట్టింది.

కాబట్టి 1 వేసి ఆపేస్తే మీరు మీ అభ్యర్థికి అదనంగా చేసే మేలు సున్నా. ఆయన ఎలిమినేట్ అయ్యాక మీ కాగితం చెత్త కింద లెక్క.

గోదారోడు_డబ్లిన్
మాస్టారూ, మీరు పుస్తకం చూసి చెప్తున్నారు. నేను కౌంటింగ్ హాల్లో రెండు రోజులు నిలబడ్డాను. స్పోర్ట్స్ హాల్ మధ్యలో అడ్డంగా బారికేడ్, అటు పక్క సిబ్బంది పెట్టె తెరిచి ఒక్కో కాగితం మడత విప్పుతారు, ఇటు పక్క పార్టీల టాలీవాళ్ళు మెడలు సాగదీసి ప్యాడ్ మీద గీతలు కొట్టుకుంటారు. నేనూ కొట్టాను. మన కాలనీ పెట్టె తెరిచినప్పుడు నా కళ్ళతో చూశాను, మనాయన ఫొటో పక్కన 2, 2, 2, 2. ఆ 2ల్లో ఎన్ని ఓట్లయ్యాయో చెప్పండి.

కిల్డేర్ కిట్టు
మన పట్టభద్రుల ఎమ్మెల్సీ లాంటిదే కదా ఇదంతా. అక్కడ కూడా మొదటి ప్రాధాన్యత, రెండో ప్రాధాన్యత.

లెక్కల మాస్టారు
కిట్టూ, కాదు. ఎమ్మెల్సీకి ఒకటే సీటు, అందుకని కోటా అంటే సగం పైన ఒకటి. 2021లో హైదరాబాద్-రంగారెడ్డి-మహబూబ్‌నగర్ సీటుకి 93 మంది నిలబడితే బ్యాలెట్ పేపర్ దినపత్రికంత అయింది, లెక్కింపు రోజుల తరబడి సాగింది. నంబర్లు వేయడం ఒకటే గానీ అక్కడ దామాషా లేదు, గెలిచినవాడు ఒక్కడే. ఇక్కడ ఒకే ఏరియా నుంచి ఐదుగురో ఏడుగురో వెళ్తారు. ఇక్కడి పద్ధతికి దగ్గరిది మన రాజ్యసభ ఎన్నిక.

కొత్తగా_వచ్చా
నేను వచ్చి పదకొండు నెలలు అయింది. పాస్‌పోర్ట్ ఇండియాదే. నాకు ఓటు ఉంటుందా?

నర్సమ్మ
ఉంటుంది నాన్నా. కౌన్సిల్ ఓటుకి పౌరసత్వం అక్కర్లేదు, 18 నిండి ఇక్కడ నివాసం ఉంటే చాలు. దేశం పార్లమెంటుకి మాత్రం ఐరిష్, బ్రిటిష్ పౌరులే. కౌన్సిల్‌కి నువ్వు పోటీ కూడా చేయొచ్చు.

మిగులు_మర్మం
అందరూ అసలు విషయం వదిలేస్తున్నారు. మిగులు పంచేటప్పుడు ఏ కాగితాలు తీస్తారో తెలుసా? కట్ట పైనుంచి. కోటా 2,001, ఒకాయనకి 2,301 వచ్చాయనుకోండి. 300 పంచాలి. అందరి 2లూ చూసి, ఎవరికి ఎంత వాటా రావాలో లెక్క కట్టి, ఆ మేరకు పైనున్న కాగితాలు తీసి ఇస్తారు. ఆ కాగితాల మీద 3 ఎవరికి ఉందన్నది అదృష్టం. కింద ఉన్న కాగితాలు తీసి ఉంటే తర్వాతి కౌంట్ ఫలితం మారొచ్చు. ఇది లాటరీ కాదా? ఉత్తర ఐర్లండ్‌లో భిన్నాలతో పంచుతారు. ఇక్కడే సెనేట్ ఎన్నికలో ఒక్కో ఓటుకి 1,000 విలువ ఇచ్చి లెక్కిస్తారు. కౌన్సిల్‌కి మాత్రం పైనున్న కాగితం.

లెక్కల మాస్టారు
చేత్తో లెక్కించాలంటే అంతే బాబూ. మిషన్లు పెట్టబోయి ఏమైందో తెలుసు కదా. 2002లో మూడు నియోజకవర్గాల్లో ప్రయోగం చేసి, 5 కోట్ల యూరోలకి పైగా పోసి, 2004లో దేశమంతా వాడతామని చెప్పి, అనుమానాలొచ్చి ఆపేసి, చివరికి 2012లో పాత ఇనుముకి అమ్మారు.

మిగులు_మర్మం
నేను మిషన్ అడగలేదు. భిన్నాలు అడిగాను.

కిల్డేర్ కిట్టు
పేర్లు ఇంటిపేరు అక్షరక్రమంలో ఉంటాయి ఇక్కడ. ఇంటిపేరు యలమంచిలి అయితే కాగితం అడుగునే. దాని మీద కూడా ఎవరైనా పోరాడండి.

గోదారోడు_డబ్లిన్
ఎటో తీసుకెళ్తున్నారు. మలయాళీల్ని చూడండి. బేబీ పెరెప్పాడన్ గారు 2019లో ఇండిపెండెంట్‌గా గెలిచారు, 2024లో ఫైన్ గేల్ పార్టీ తరఫున డబ్లిన్ శివారు టాలాలో మళ్ళీ గెలిచి సౌత్ డబ్లిన్ కౌంటీ మేయర్ అయ్యారు. వాళ్ళు కలిసి వేసుకుంటారు. మనం 2 వేసి పులిహోర తింటాం. 2025 జూలైలో టాలాలో ఒక భారతీయుడిని కొట్టి బట్టలు ఊడదీస్తే, మాట్లాడటానికి కౌన్సిల్‌లో మన మనిషి అంటూ ఉండాలా వద్దా?

సుజాత_డి15
చాలాసేపటి నుంచి చదువుతున్నాను. గోదారోడు గారూ, 2 వేసినవాళ్ళలో నేనూ ఉన్నాను. 1 మా ఏరియా పాత కౌన్సిలర్‌కి వేశాను. ఎందుకో చెప్తాను వినండి.

2023లో మా ఓనర్ ఇల్లు ఖాళీ చేయమని నోటీస్ ఇచ్చాడు. పాప స్కూల్ మధ్యలో. మావారు టెన్షన్‌తో రాత్రుళ్ళు నిద్రపోలేదు. మన అభ్యర్థికి, అప్పటికి అభ్యర్థి కాదు లెండి, సంఘం పెద్ద, రెండుసార్లు ఫోన్ చేశాను. "ఉగాది ప్రోగ్రాం అయిపోనీ అక్కా, కూర్చుని మాట్లాడదాం" అన్నాడు. పాత కౌన్సిలర్‌కి ఒక మెయిల్ పెడితే ఆ శనివారమే వచ్చాడు. వంటింట్లో టేబుల్ దగ్గర కూర్చుని, టీ వద్దని మంచినీళ్ళు తాగి, నోటీస్ రెండుసార్లు చదివి, ఇచ్చిన గడువు చట్టం ప్రకారం సరిపోదని వేలు పెట్టి చూపించాడు. అద్దె వివాదాల బోర్డుకి ఎలా రాయాలో ఒక కాగితం మీద రాసిచ్చాడు. నోటీస్ చెల్లలేదు. ఆయనకి 1 వేయకపోతే నాకు అన్నం సహించదు.

లెక్కల మాస్టారు
సుజాత గారు చెప్పింది బాగుంది, కానీ ఒక సవరణ. కౌన్సిలర్లకి ఇళ్ళు కేటాయించే అధికారం ఉండదు, అది చీఫ్ ఎగ్జిక్యూటివ్ (కౌన్సిల్‌ని నడిపే అధికారి) చేతిలో పని. వాళ్ళు ఓటేసేది బడ్జెట్, అభివృద్ధి ప్రణాళిక, ఆస్తి పన్ను హెచ్చుతగ్గుల లాంటి వాటి మీద.

సుజాత_డి15
మాస్టారూ, ఇల్లు ఇప్పించాడని నేను అనలేదు. నోటీస్ చదివి పెట్టాడన్నాను.

గోదారోడు_డబ్లిన్
అదిగో! ఇప్పుడు చెప్పండి మాస్టారూ. సుజాత గారి 2 ఏమైంది? ఆ పాత కౌన్సిలర్ మొదటి కౌంట్‌లో గెలవలేదు. ఆరో కౌంట్‌లో వేరేవాళ్ళ ఓట్లు బదిలీ అయ్యి కోటా దాటాడు. అప్పుడు పంచేది ఏ కాగితాలు?

లెక్కల మాస్టారు
చివరగా వచ్చిన కట్టలోవి మాత్రమే.

గోదారోడు_డబ్లిన్
అంటే సుజాత గారి కాగితం అడుగున, మొదటి కట్టలో అలాగే ఉంది. దాని మీద 2 ఎవరికి ఉందో ఎవడూ చూడలేదు. చూడాల్సిన పనీ లేదు. నేను మొదటి నుంచీ మొత్తుకునేది అదే కదా.

లెక్కల మాస్టారు
కాదండీ, మీరు మొదట అన్నది వేరు. 1 వేసి 2 వేయొద్దన్నారు. దానికీ దీనికీ సంబంధం లేదు. మీ బాధ 2 వేసినందుకు కాదు. మీవాడికి 1 వేయనందుకు.

కిల్డేర్ కిట్టు
అన్నా, అడగకూడదు గానీ, ఆ అభ్యర్థి మీ బావగారు కదా?

గోదారోడు_డబ్లిన్
అయితే? బావ అయితే ఓటు అడగకూడదా?

సరే, మొత్తం చెప్తాను. మూడు నెలలు డ్యూటీ అయ్యాక వర్షంలో తలుపులు కొట్టాం. నా దగ్గర చిన్న నోట్‌బుక్ ఉంది, ఇల్లు ఇల్లుకీ ఎంతమంది ఓటర్లో, ఏమన్నారో రాసుకున్నాం. మన కాలనీలో "అన్నా, నీకే" అన్న ఓట్లకి టిక్ పెట్టాం. 140 టిక్కులు. పెట్టె తెరిస్తే మనాయనకి వచ్చిన 1లు 61. నేను గీతలు కొట్టిన ప్యాడ్ ఇప్పటికీ ఇంట్లో ఉంది. మా అక్క ఆ రోజు హాల్ బయట కారులోనే కూర్చుంది, లోపలికి రాలేదు. పాత కౌన్సిలర్‌కి వేశారని నాకు కోపం లేదు సుజాత గారూ. వేసి, గుమ్మంలో నిలబడి "నీకే వేస్తాం" అన్నారు చూశారా. అది.

సుజాత_డి15
నేను "నీకూ వేస్తాం" అన్నాను. అబద్ధం ఆడలేదు. నంబర్ అడగలేదు మీరు.

ఇంకో మాట కూడా అనేస్తాను. సంఘం రెండుగా చీలి రెండు ఉగాదులు చేసుకున్నప్పుడు, మేము అవతలి ఉగాదికి వెళ్ళామని మీ ఇంట్లో వాళ్ళు రెండేళ్ళు మాతో మాట్లాడలేదు. ఎన్నికలప్పుడు మాత్రం "మనవాళ్ళు" అయిపోయాం.

గోదారోడు_డబ్లిన్
అది ఆడవాళ్ళ మధ్య గొడవ.

నర్సమ్మ
ఆ మాట వెనక్కి తీసుకో బాబూ. చీలింది స్టేజి మీద శాలువా ఎవరికి ముందు కప్పాలన్న దాని మీద. నేనక్కడే ఉన్నాను. శాలువాలు మగవాళ్ళవే.

మిగులు_మర్మం
ఇంతకీ ఆ 38 ఓట్ల తేడాలో పైనున్న కాగితాల ప్రభావం ఎంత ఉందో ఎవరైనా చూశారా?

లెక్కల మాస్టారు
చూడలేదు, వదిలేయండి. కొత్తవాళ్ళ కోసం ఒక్కటి చెప్పి ఆపేస్తాను. ఎన్ని నంబర్లు వేసినా వేయకపోయినా, 1 మాత్రం ఉండి తీరాలి. ఒకే రోజు రెండు మూడు బ్యాలెట్లు ఇస్తే కొందరు ఒక కాగితం మీద 1, 2 వేసి రెండో కాగితం మీద 3 నుంచి కొనసాగిస్తారు. కెర్రీ కౌంటీలో లిస్టోవెల్ ఏరియాలో 2014లో అలాంటి కాగితాల్ని లెక్కలోకి తీసుకున్నారని ఓడిన అభ్యర్థి సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. అవి చెల్లవని 2015లో కోర్టు చెప్పింది. మళ్ళీ లెక్కపెట్టారు. అయినా ఆయన గెలవలేదనుకోండి.

గోదారోడు_డబ్లిన్
నర్సమ్మ గారూ, ఆ మాట వెనక్కి తీసుకున్నాను. శాలువా సంగతి నాకు వేరేగా చెప్పారు.

సుజాత గారూ, 2029లో బావ నిలబడడు. ఇక చాలంటున్నాడు. వేరే అమ్మాయి ఎవరో ఆలోచిస్తోందని విన్నాను, మీ అవతలి ఉగాది వాళ్ళ తరఫునే. నా నోట్‌బుక్ కావాలంటే ఇస్తాను. ఇళ్ళ నంబర్లు, కుక్క ఉన్న ఇళ్ళు, ఏ ఇంట్లో ఎన్నింటికి మనుషులుంటారో అన్నీ ఉన్నాయి. టిక్కులు మాత్రం నమ్మొద్దని చెప్పండి.

సుజాత_డి15
ఆ అమ్మాయి మా ఆడపడుచు.

కిల్డేర్ కిట్టు
😂

కొత్తగా_వచ్చా
రిజిస్టర్‌లో పేరు ఎక్కించుకోవడానికి ఏమేం కావాలో ఎవరైనా చెప్తారా?

గోదారోడు_డబ్లిన్
పీపీఎస్ నంబర్ (ఇక్కడి ప్రభుత్వ గుర్తింపు నంబర్), పుట్టిన తేదీ, ఈర్‌కోడ్ (ఇంటి పోస్టల్ కోడ్) పెట్టుకుని ఆన్‌లైన్‌లో చేసేయ్ తమ్ముడూ, పది నిమిషాల పని. ఇల్లు మారితే మళ్ళీ అడ్రస్ మార్చుకో. మా నోట్‌బుక్‌లో టిక్ పెట్టినవాళ్ళలో పదకొండు మంది పేర్లు అసలు రిజిస్టర్‌లోనే లేవు.