మొదటి సెమిస్టర్ టర్మ్ పేపర్: రిఫరెన్సులు దేంతో రాయాలి?

ప్రశ్న:
అన్నయ్యలకీ అక్కలకీ నమస్తే. నేను ఆగస్టులో డేటా సైన్స్ ఎంఎస్‌కి అమెరికా వచ్చాను. స్టాటిస్టిక్స్ కోర్సులో 15 పేజీల టర్మ్ పేపర్ ఇచ్చారు. కనీసం 20 రిఫరెన్సులు ఉండాలట, అదీ ఐఈఈఈ పద్ధతిలో, అంటే వాక్యం పక్కన [1], [2] అని నంబర్లు వేసి. బీటెక్‌లో సీనియర్ల రిపోర్టు తీసుకుని అటూ ఇటూ మార్చి, చివర నాలుగు వెబ్‌సైట్లు రాసేవాళ్లం. ఇక్కడ ఏం వాడాలి? ఏ రీసెర్చ్ పేపర్ తెరిచినా 40 డాలర్లు కట్టమంటోంది.

జవాబు:
తమ్ముడూ, ముందు ఆ 40 డాలర్లు కట్టకు. చాలా జర్నల్స్‌కి మీ లైబ్రరీ ముందే చందా కట్టి ఉంటుంది. రీసెర్చ్ పేపర్లు వెతికే గూగుల్ స్కాలర్ సెట్టింగ్స్‌లో లైబ్రరీ లింక్స్ అని ఉంటుంది, అక్కడ మీ యూనివర్సిటీ పేరు వెతికి టిక్ పెట్టు. ఇక ఏది వెతికినా కుడిపక్కన మీ లైబ్రరీ లింకు కనబడుతుంది, లాగిన్ అయితే పీడీఎఫ్ వచ్చేస్తుంది. అక్కడా లేకపోతే ఇంటర్‌లైబ్రరీ లోన్ ఫారం నింపు. వేరే యూనివర్సిటీ నుంచి తెప్పించి పంపుతారు, చాలాచోట్ల స్టూడెంట్‌కి పైసా ఖర్చుండదు.

రిఫరెన్సులు దాచి, పేపర్లో చేర్చిపెట్టే జొటెరో అనే సాఫ్ట్‌వేర్ పెట్టుకో. జార్జ్ మేసన్ యూనివర్సిటీలో తయారై 2006లో బయటికొచ్చింది, ఉచితం. ఆన్‌లైన్‌లో ఫైళ్లు దాచుకోవడానికి 300 ఎంబీ ఇస్తారు. పీడీఎఫ్‌లు నీ ల్యాప్‌టాప్‌లోనే ఉంచుకుంటే ఆ హద్దు కూడా లేదు. యాప్‌తో పాటు బ్రౌజర్ కనెక్టర్ కూడా వేసుకో, తెరిచిన పేపర్ వివరాల్ని ఒక్క బటన్‌తో జొటెరోలోకి చేర్చేది అదే. పేపర్ చదవడం మొదలుపెట్టిన క్షణమే ఆ బటన్ నొక్కు, తర్వాత చూద్దాంలే అనుకోవద్దు.

ఎందుకంత గట్టిగా చెబుతున్నానంటే, నా మొదటి సెమిస్టర్లో అన్నీ చేత్తో టైప్ చేశాను. ఐఈఈఈలో నంబర్లు పేపర్లో వాడిన వరుసలో పడాలి. సబ్మిషన్ ముందురోజు రాత్రి రెండో పేరాలో రెండు కొత్త పేపర్లు చేర్చాను. దాంతో 5 కాస్తా 7 అయింది, 6 కాస్తా 8 అయింది, అలా చివరిదాకా. తెల్లవారుజామున మూడింటిదాకా మార్చుతూ కూర్చున్నా, ఒకరు చెప్పిన మాట పక్కన ఇంకొకరి నంబరు మిగిలిపోయింది. జొటెరోలో అయితే వర్డ్‌లోంచే సైటేషన్ చేర్చుతావు, నంబర్లన్నీ వాటంతటవే సర్దుకుంటాయి.

అయితే అది తెచ్చిన వివరాలు కళ్లతో చూసుకో. ముఖ్యంగా మనవాళ్ల పేర్లు. మీ కోర్సులో క్రామెర్-రావ్ బౌండ్ అనే స్టాటిస్టిక్స్ సూత్రం వస్తుంది కదా, ఆ రావు మన కల్యంపూడి రాధాకృష్ణారావు గారే. ఇంటిపేరు కల్యంపూడి కాబట్టి లాస్ట్ నేమ్ గడిలో అదే వేయాలనిపిస్తుంది. కానీ ఆయన సీ. ఆర్. రావుగా ప్రచురించారు, రిఫరెన్సులో కూడా అలాగే రాయాలి. ఇంటిపేరు ఏదన్నది మనం తేల్చకూడదు, రచయిత ఎలా వేసుకున్నారో అదే ప్రమాణం. రేపు నువ్వు పేపర్ వేసేటప్పుడు ఇదే చిక్కు నీ పేరుకీ వస్తుంది. పేరు ఎలా రాసినా ఇది నువ్వేనని చెప్పే ఓర్కిడ్ అనే పరిశోధకుల గుర్తింపు నంబరు ఇప్పుడే తీసుకో, 16 అంకెలుంటాయి, ఉచితం. పాస్‌పోర్టులో ఒకలా, సర్టిఫికెట్‌లో ఒకలా పేరున్న మనబోటివాళ్లకి అది చాలా అవసరం.

మరొక జవాబు:
అన్నయ్య చెప్పింది నిజం. నేను ఒక్క మాట చేరుస్తాను, ఎందుకంటే నా రూమ్మేట్ దీనివల్ల ఏడ్చింది. రెండు పేరాలు వేరేచోట నుంచి తీసుకుని, కింద రిఫరెన్స్ కూడా ఇచ్చింది. కొటేషన్ గుర్తులు పెట్టలేదు, సొంత మాటల్లోనూ రాయలేదు. విచారణకి పిలిచి ఆ అసైన్‌మెంటుకి సున్నా వేశారు. రిఫరెన్స్ ఇస్తే సరిపోతుందని తను మనస్ఫూర్తిగా నమ్మింది, మనకి ఇండియాలో ఎవరూ చెప్పరు కదా. సస్పెన్షన్ దాకా వెళ్తే ఎఫ్1 వీసా స్టేటస్‌కే ముప్పు, తేలిగ్గా తీసుకోకు. పేపర్ మూసేసి, అర్థమైంది నీ మాటల్లో రాసి, మళ్లీ తెరిచి సరిచూసుకో.

ఏఐ చాట్‌బాట్‌ని రిఫరెన్సులు అడక్కు. లేని పేపర్లకి ఉన్నట్టే పేరూ, జర్నలూ, సంవత్సరమూ రాసిచ్చేస్తుంది. ఎవరిచ్చిన రిఫరెన్సయినా డీఓఐ నంబరు (ఒక్కో పేపర్‌కి విడిగా ఇచ్చే శాశ్వత గుర్తింపు) తీసుకుని డీఓఐ డాట్ ఆర్గ్‌లో వేసి చూడు, అది 10తో మొదలవుతుంది. తెరుచుకున్న పేపర్ శీర్షిక నీ దగ్గరున్న దానితో కలవాలి. పాత పేపర్లకి డీఓఐ ఉండకపోవచ్చు, అప్పుడు లైబ్రేరియన్‌కి మెయిల్ పెట్టు. మొహమాటపడకు, ఆ సాయం చేయడం వాళ్ల ఉద్యోగమే.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అన్నా, అక్కా. జొటెరో వేసుకున్నాను, ఏడు పేపర్లు చేరాయి. ఒక్క సందేహం. రావు గారి 1945 పేపర్ కలకత్తా జర్నల్‌లో వచ్చిందట, నాకు దొరికింది మాత్రం 1992లో ఒక సంకలనంలో మళ్లీ వేసింది. ఏ సంవత్సరం రాయాలి?

జవాబు:
నువ్వు ఏది చదివావో అదే, 1992 సంకలనం, అందులోని పేజీ నంబర్లతో. అసలు 1945లో వచ్చిందని రిఫరెన్స్ చివర ఒక ముక్క చేర్చు, జొటెరోలో ఎక్‌స్ట్రా అనే గడిలో గుర్తుగా రాసి ఉంచుకో. 1945 ప్రతినే చూపించాలనుకుంటే మాత్రం ఇంటర్‌లైబ్రరీ లోన్‌లో తెప్పించి, చదివి, అప్పుడు రాయి.